గుడి కంటే బడి పెద్దది: హైదరాబాద్ కథోలిక బడుల కథ

కోహెడ నుంచి సిటీకి వెళ్లే దారి మన వాళ్లందరికీ తెలిసిందే. హయత్‌నగర్, ఎల్బీనగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి దాటితే గన్‌ఫౌండ్రీ వస్తుంది. అక్కడ సెయింట్ జోసెఫ్ కేథడ్రల్ ఉంది, ఆల్ సెయింట్స్ హైస్కూల్ ఉంది. రెండింట్లో ఏది పాతది అని అడిగితే చాలామంది గుడే అంటారు. కానీ బడి మొదలైంది 1855లో. కేథడ్రల్ ప్రారంభమైంది 1875లో. బడే 20 ఏళ్లు పెద్దదన్నమాట.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ అనే గురువు సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ చర్చి కట్టించారు. 1850లో అది పూర్తయింది. ఆ తర్వాత ఇటలీలోని మిలాన్ నుంచి మిషనరీలు వచ్చారు. అప్పటికి నిజాం కొలువులో పారశీకం నడుస్తోంది. 1880ల్లో దాని చోటు ఉర్దూ తీసుకుంది. ఇంగ్లీషు చదువు కావాలంటే ఉన్న కొద్ది దారుల్లో మిషన్ బడి ఒకటి. మరి ఆడపిల్లల సంగతి? 1871లో సెయింట్ ఆన్ సభ మఠకన్యలు ఇటలీ నుంచి సికింద్రాబాద్ వచ్చి, వాళ్లకు చదువు మొదలుపెట్టారు. ఇంట్లోంచి ఆడపిల్ల బడికి వెళ్లడమే అరుదైన రోజులవి.

1886లో హైదరాబాద్ మేత్రాసనమైంది, 1953లో అగ్రపీఠమైంది. అదే 1953లో మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ ఆబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్ హైస్కూల్ పెట్టారు. ఆల్ సెయింట్స్ నడిపేదీ వాళ్లే.

ఇక సాధించిందేమిటి? మార్కులు, ర్యాంకులు అందరూ చెప్పేవే. ఆల్ సెయింట్స్ పేరు దేశమంతా వినిపించింది మాత్రం ఆటతో. అజారుద్దీన్ ఇక్కడే చదివాడు. 1984–85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టాడు. స్పిన్నర్ వెంకటపతి రాజుదీ ఈ బడే. కథోలిక బడిలో చదివిన ముస్లిం పిల్లాడు దేశానికి కెప్టెన్ అయ్యాడు. ఈ బడుల తలుపు ఎవరెవరికి తెరుచుకుందో చెప్పడానికి ఇది చాలు.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. అంటే చట్టం అడగని చోట మనసే అడగాలి. విచారణ బడి ఏ ఊళ్లో ఉన్నా, పదో తరగతి ఫలితాలతో పాటు చూడాల్సిన లెక్క ఇంకోటుంది. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలు అందులో ఎంతమంది?

మీ ఊరి బడిలో ఆ లెక్క ఒకసారి కనుక్కోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.