ఇల్లు కట్టువా రెవరు?

రాయికల్ వంటి తెలంగాణ గ్రామములలో పూర్వము ఇల్లు కట్టుట ఊరుమ్మడి పని. గోడమన్ను ఇంటివారే తొక్కెడివారు. దూలములు వడ్రంగి చెక్కెడివాడు, గూనపెంకులు కుమ్మరి కాల్చి యిచ్చెడివాడు. కూలి తరచు ధాన్యముగా ముట్టెడిది. తండ్రి పని కొడుకు నేర్చుటచే ఆ వృత్తికుటుంబములే నాటి నిర్మాణసంస్థలు.

పిమ్మట ప్రభుత్వము పూనుకొనెను. 1979లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. 2006లో ఇందిరమ్మ పథకము వచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము చేపట్టిన రెండు పడకగదుల ఇండ్లు వేరు తీరువి. వైశాల్యము 560 చదరపు టడుగులు. పల్లెలలో ఇంటి ఖర్చు 5 లక్షల 4 వేల రూపాయలు. పేదవాడు పైక మీయ నక్కరలేదు. ఉద్దేశము గొప్పదే. కాని కట్టువాడు గుత్తేదారు. ఆ ధర గిట్టదని పలుచోట్ల టెండర్లకు ముందుకు రారైరి. పని నిలిచినచోట, ఆ ఇంట నుండవలసినవాడు చేయగలిగిన దేమియు లేకపోయెను. తలుపు ఏ దిక్కున నుండవలెనో చెప్పుటకైనను అతనికి వీలు లేదు.

2024 మార్చి 11న భద్రాచలమున మరల ఇందిరమ్మ ఇండ్లు ప్రారంభమయ్యెను. సొంత స్థలమున ఇంటివాడే కట్టుకొనవలెను. మేస్త్రీని అతడే కుదుర్చుకొనును. 5 లక్షలు పని సాగినకొలది విడతలుగా ముట్టును. పాతపద్ధతికి ఇదియే దగ్గర. అయినను మొదటి విడతలో స్థలము లేనివానికి చోటు లేదు. స్థల మున్నవాడును, పునాది లేచిన పిమ్మటనే తొలి పైకము వచ్చును గనుక, అందాక చేబదులు తేవలసినదే.