ఊపిరి చాలని పరుగు

ముగింపు తెలిసిన కథ ఇది. దాచేందుకు ఏమీ లేదు. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరామ్‌కి ఇరవై ఏడేళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆట ఆగిపోయింది. ఆ తర్వాత అరవై ఏళ్లు బతికి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. దేశం తరఫున ఆడింది ఆరేడేళ్లు. ఇతరులు ఆడుతుంటే చూస్తూ గడిపింది అరవై ఏళ్లు. నుదుటి రాత రాసే బ్రహ్మకైనా ఈ లెక్క రాయడానికి చెయ్యి ఎలా ఆడిందో!

మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఈ పేరు చెబితే ఎవరాయన అని అడిగేవాళ్లే ఎక్కువ. తప్పు వాళ్లది కాదు. గోదావరి జిల్లాల్లోనూ కొల్లేటి లంకల్లోనూ పొద్దు వాలితే కుర్రకారు కట్టేది వాలీబాల్ నెట్టు, గీసేది కబడ్డీ గీత. ఫుట్‌బాల్ మనకు చుట్టంచూపుగా వచ్చిపోయిన ఆట. అది కాపురం పెట్టింది హైదరాబాదు, సికింద్రాబాదుల్లో. పటాలాల మైదానాల్లో, పోలీసు లైన్లలో, బడి ఆవరణల్లో పెరిగి పెద్దదయింది. అలా పెరిగిన రోజుల్లోనే, 1936లో, సికింద్రాబాదు కంటోన్మెంటు దాపున అమ్ముగూడలో బలరామ్ పుట్టాడు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఉర్దూ. కలిగిన కుటుంబం కాదు. పోలీసులు వాడి పారేసిన బూట్లను కుట్టించుకుని తొలిసారి తొడుక్కున్నాడని చెప్పుకుంటారు. పిల్లవాడి పాదానికి పెద్దవాళ్ల బూటు. ఎన్ని గుడ్డపేలికలు కుక్కితే అది కాలికి నిలిచిందో!

ఆ కాలిని సయ్యద్ అబ్దుల్ రహీమ్ చూశారు. రహీమ్ సాబ్ అసలు బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ పోలీసు కుర్రాళ్లు 1950 మొదలు 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చారు. పంతులు గారి పాఠం ఒకటే: బంతిని కాలి దగ్గర పెట్టుకుని ముచ్చట తీర్చుకోకు, వచ్చిన దాన్ని వచ్చినట్టే తోటివాడికి పంపు. డ్రిబ్లింగ్ చేస్తే ఒప్పుకోమన్న షరతుతో పోటీలు పెట్టేవారు. ఎడమ కాలు చేతకాని వాణ్ణి ఎడమ కాలితోనే ఆడించేవారు. ఈ శిక్షణకు ఇద్దరు ముగ్గురు శిష్యులు అచ్చంగా సరిపోయారు. వాళ్లలో బలరామ్‌ది మొదటి పేరని నేనంటాను. అమ్ముగూడ నుంచి హైదరాబాదు వచ్చిపోవడానికి తన దగ్గర డబ్బుల్లేవంటే, రహీమ్ సాబ్ సైకిలు ఏర్పాటు చేసి మరీ పిలిపించుకున్నారని ఒక కథ ఉంది. నిజమే అయి ఉంటుంది. పంతుళ్లకు మంచి శిష్యుడి మీద ఉండే ఆశ అలాంటిది.

ఇరవయ్యేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్. 1956. ఆ ఏడాది ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను భారతదేశం 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి జట్టు మనది. సెమీఫైనల్లో యుగోస్లావియా. హాఫ్‌టైమ్ అయిన కాసేపటికే మళ్లీ డిసౌజా గోలు కొట్టాడు. ఫైనల్ అల్లంత దూరంలో కనిపించింది. ఆ ఆధిక్యం నిమిషాల్లో కరిగిపోయింది. ఒకటి, రెండు, మూడు, చివరికి మన కాలికి తగిలే మన వలలోకి నాలుగోది. కాంస్యం కోసం ఆడిన ఆటలోనూ బల్గేరియా చేతిలో ఓటమే. నాలుగో స్థానం. ఆ జట్టులో కొత్తగా చేరిన ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇది బాధ కాలేదేమో. ఇంకా ఎన్ని ఒలింపిక్స్ లేవు అనుకునే వయసు అది.

ఇంకొక్కటే ఉందని ఎవరికి తెలుసు?

యాభైల దశకం చివరికి బలరామ్ కలకత్తా చేరాడు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు. సికింద్రాబాదు నుంచి హౌరాకు రైలుదారి మన మీదుగానే. బెజవాడ దాటితే ఏలూరు, కుడిచేతి వైపు కొల్లేటి పల్లం, తర్వాత తాడేపల్లిగూడెం, గోదావరి వంతెన, వాల్తేరు. ఆ రోజుల్లో ఎందరో హైదరాబాదు కుర్రాళ్లు కలకత్తా క్లబ్బుల పిలుపు అందుకుని వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే మన లెక్కలోంచి జారిపోయారు. కలకత్తాలో వాళ్లు బయటివాళ్లు, ఇక్కడ వెళ్లిపోయినవాళ్లు. బలరామ్ జీవితమంతా ఈ రెండు మాటల మధ్యే ఇరుక్కుంది.

అయినా ఆ నగరం ఆయన్ని భుజాల మీద మోసింది, కొన్నాళ్లు. అక్కడ ఫుట్‌బాల్ అంటే వానాకాలపు ఆట. మోకాలి దాకా బురద, తడిసి బరువెక్కిన తోలుబంతి, వంటికి అంటుకుపోయిన చొక్కా. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు బలరామ్ కెప్టెన్. 1952 తర్వాత తొలిసారి క్లబ్బు కలకత్తా లీగ్ గెలిచింది. దేశం జట్టులో అప్పటికి ముగ్గురి పేర్లు ఒక్క ఊపిరిలో పలికేవారు: పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్. మొదటి ఇద్దరూ బెంగాల్ ముద్దుబిడ్డలు. మూడో పేరు ఎప్పుడూ మూడోదే. ముగ్గురిలో ఎక్కువ పరుగు పెట్టింది మాత్రం ఇతనే. ముందు వరసలో ఆడుతూనే వెనక్కి దిగి బంతి తెచ్చేవాడు, ఎడమ వైపు నుంచి మధ్యకు కోసుకొచ్చేవాడు, తాను కొట్టగల గోలును పక్కవాడికి పెట్టేవాడు. రహీమ్ సాబ్ పాఠం అదే కదా. ఒక మైదానంలో ఇద్దరి పని చేసేవాడికి ఇద్దరి ఊపిరి కావాలి.

1960లో రోమ్. మనకు పడిన గుంపు హంగరీ, ఫ్రాన్సు, పెరు. మెతక జట్టు ఒక్కటీ లేదు. లాక్విలాలో హంగరీతో ఆట. అది కుర్ర ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడుతున్న హంగరీ, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగరీ. రెండు గోల్స్ వెనకబడ్డాక బలరామ్ ఒకటి తిరిగి ఇచ్చాడు. ఇంకా పది నిమిషాల ఆట ఉంది. స్కోరు సమం అయి ఉంటే? కాలేదు. 2-1. తర్వాత ఫ్రాన్సుతో మనం ముందుండి, చివర్లో గోలు ఇచ్చుకుని 1-1తో సరిపెట్టుకున్నాం. ఈ 'అయి ఉంటే'లను లెక్కపెట్టడం మొదలుపెడితే ఆ తరం కథంతా అవే.

ఒక్క చోట మాత్రం విధి చెయ్యి అడ్డం పెట్టలేదు. 1962, జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆట దక్షిణ కొరియాతో, 0-2 ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. రెండింటిలోనూ బలరామ్ గోలు ఉంది. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదన్న గొడవలో భారత ప్రతినిధి నోరు విప్పినందుకు సెనయాన్ స్టేడియం మొత్తం మన జట్టు మీద పగబట్టింది. లక్ష గొంతుల ఈసడింపు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను జట్టు కోచ్ రహీమ్ సాబ్ ముందు వరసకు తెచ్చారు. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోలు ముందు నిలబడ్డాడు. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. స్వర్ణం.

ఆ సాయంత్రాన్ని ఇక్కడే ఆపేయాలనిపిస్తుంది. పచ్చిక మీద పదకొండు మంది, గట్టు మీద బక్కచిక్కిన ఒక పంతులు. ఆ పంతులు ఊపిరితిత్తుల్లో అప్పటికే క్యాన్సర్ ఉంది. ఆ గెలుపు తర్వాత ఏడాది కూడా ఆయన్ని మిగల్చలేదు. 1963 జూన్ 11న రహీమ్ సాబ్ పోయారు. అదే ఏడాది శిష్యుడి ఊపిరితిత్తులూ తిరగబడ్డాయి.

క్షయ తలుపు తట్టి రాదు. సాయంత్రానికి ఒళ్లు కాస్త వెచ్చబడటం, అన్నం సయించకపోవడం, పరుగు ఆపాక కూడా తగ్గని ఆయాసం, పక్కలో సూదిపోటు: వానలో ఆడి అలిసిన ఆటగాడికి ఇవన్నీ మామూలే అనిపిస్తాయి. ఊపిరితిత్తుల పొర వాస్తే లోపలికి తీసే ప్రతి శ్వాసా గుచ్చుతుంది. మామూలు మనిషి మెల్లగా పీల్చుకుని సర్దుకోగలడు. వింగ్ మీద పరుగెత్తేవాడు ఏం సర్దుకుంటాడు? నలభై గజాలు ఉరికి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ ఉరకాలి. అతని బతుకుతెరువే ఊపిరి. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ ఉంది, ఐసోనియాజిడ్ ఉంది. ఇంట్లో ఉండి మందు వాడినా శానటోరియంలో ఉన్నంత గుణం ఇస్తుందని 1959లోనే మద్రాసు పరిశోధన తేల్చింది. ఇరవై ఏళ్ల ముందైతే ఆ జబ్బు ప్రాణమే తీసుకుపోయేది. మందు ప్రాణం నిలిపింది. పరుగును నిలపడం దాని వల్ల కాలేదు.

అప్పటికి బలరామ్ ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్. జట్టుకు మారాడు. ఒకప్పుడు మన వాల్తేరు నుంచి హౌరాకు రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేదే ఆ పేరు. కంపెనీ పోయినా జట్టుకు పేరు మిగిలింది. కొత్త చొక్కా చెమటకు సరిగ్గా తడవకముందే ఆట ముగిసింది. 1962కు అర్జున అవార్డు వచ్చింది. ఆ తర్వాతి ఆరు దశాబ్దాల్లో చెప్పుకోదగ్గ జాతీయ గౌరవం మరొకటి లేదు. చునీకి 1983లో పద్మశ్రీ, పి.కె.కి 1990లో పద్మశ్రీ. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి ఢిల్లీకి సిరా ఆరిపోయింది. హైదరాబాదు అడగలేదు, ఆయన బెంగాల్‌లో ఉంటారు కదా అని. బెంగాల్ గట్టిగా అడగలేదు, ఎందుకో అది వాళ్లనే అడగాలి.

ఆయన మటుకు హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. పిల్లలకు ఆట నేర్పారు. తనకు పేరు తెచ్చిన క్లబ్బు మీద మనసు విరిగింది, మళ్లీ అతకలేదు. మాట కటువుగా ఉండేదని పత్రికల వాళ్లు రాశారు. ఉండకేం చేస్తుంది? తోటివాళ్లు ముప్పై దాటాక, తమకు తోచినప్పుడు, దండలు వేయించుకుని ఆట మానుకున్నారు. ఈయనకు ఆ వీడ్కోలు ఆట ఏదో తెలియకుండానే ఆడించేసింది కాలం. అది చివరిదని తెలిసి ఆడటం వేరు, తెలియక ఆడటం వేరు. ఈ రెండోది ఎంత దుఃఖమో, ఇల్లు వదిలి వెళ్తూ అమ్మకు సరిగ్గా చెప్పి రాలేకపోయినవాళ్లకే తెలుస్తుంది.

2020 మార్చిలో పి.కె. పోయారు. ఏప్రిల్ ముగిసేలోగా చునీ. మూడేళ్లు ఒక్కరే మిగిలి, చివరికి బలరామూ వెళ్లిపోయారు. మరుసటి ఏడాది, 2024 ఏప్రిల్‌లో, రహీమ్ సాబ్ మీద తీసిన హిందీ సినిమా 'మైదాన్' వచ్చింది. జకార్తా ఫైనల్‌ని తెర మీద కట్టారు. అది తీయడం మొదలుపెట్టేసరికి ఆ ముగ్గురూ ఉన్నారు. విడుదలయ్యేసరికి ఒక్కరూ లేరు. ఆ వాయిదాలు చిత్రసీమ లెక్కలు, వాళ్లను అని లాభం లేదు.

రోమ్ సంగతిలో పెరుతో ఆడిన ఆట చెప్పకుండా వదిలేశాను. 1960 సెప్టెంబరు 1, పెస్కారా. మూడు గోల్స్ వెనకబడి ఉన్నాం. ఇంటిదారి ఖాయమైపోయింది. ఆట ముగియవచ్చే వేళ, ఇక ఎందుకూ పనికిరాదని తెలిసి కూడా పరుగెత్తి, బలరామ్ ఒక గోలు కొట్టాడు. 3-1. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఏ ఒలింపిక్స్‌కూ అర్హత సాధించలేదు. ఒలింపిక్స్‌లో మన దేశం కొట్టిన ఆఖరి గోలు ఈనాటికీ అదే.