క్యూ తోటలో ఎర్ర ఇటుకల ఇల్లు

లండన్‌లో థేమ్స్ ఒడ్డునున్న క్యూ గార్డెన్స్‌కి మనవాళ్ళు చాలామందే వెళ్తుంటారు. అద్దాల మేడలో అరటిచెట్లు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ తోటలోనే ఎర్రటి ఇటుకల ఇల్లొకటి ఉంది. పేరు క్యూ ప్యాలెస్. బ్రిటిష్ రాజప్రాసాదాల్లోకెల్లా చిన్నది. చిత్రమేమిటంటే, దీన్ని కట్టించింది ఏ రాజూ కాదు, ఒక వలస కుటుంబపు వర్తకుడు.

ఆయన పేరు శామ్యూల్ ఫోర్ట్రీ. పూర్వీకులు ఫ్లాండర్స్ ప్రాంతం నుంచి ఇంగ్లండ్‌కి వచ్చినవారు. గుమ్మం పైన 1631 అనే సంవత్సరం, తన పేరు, భార్య క్యాథరిన్ పేరుల మొదటి అక్షరాలు చెక్కించాడు. అవి నేటికీ ఉన్నాయి.

సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ నాబోటి వాళ్ళకి ఆ గోడే ఒక పాఠం. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఎక్కువగా వాడింది ఇంగ్లిష్ బాండ్. ఒక వరసంతా పొడుగు ఇటుకలు, పై వరసంతా అడ్డ ఇటుకలు. ఫోర్ట్రీ ఇంటికి వాడింది ఫ్లెమిష్ బాండ్. ప్రతి వరసలోనూ ఒక పొడుగు ఇటుక, ఒక అడ్డ ఇటుక. కింది పొడుగు ఇటుకకి సరిగ్గా నడిమధ్యన పై అడ్డ ఇటుక కూర్చుంటుంది. అడ్డ ఇటుక గోడ మందంలోకి చొచ్చుకుపోయి ముందు వెనకల్ని కలిపి పట్టుకుంటుంది. బయటికి కనిపించే అందం వెనక ఉన్న బలం అదే. ఈ కట్టుకి ఇంగ్లండ్‌లో తొలినాటి ఉదాహరణల్లో ఇదొకటి. తర్వాతి శతాబ్దంలో లండన్ వీధులన్నిటా ఇదే వ్యాపించింది. మీ పాత ఇంటి గోడలో అడ్డ ఇటుకలు కనిపిస్తే అది చాలావరకు నిండు గోడే. అన్నీ పొడుగు ఇటుకలే అయితే లోపల ఖాళీ వదిలి కట్టిన కొత్తకాలపు గోడ అయి ఉంటుంది.

ముఖభాగం పైన వంపులు తిరిగిన మూడు గేబుళ్ళున్నాయి. వాటిని చూసే జనం దీన్ని ‘డచ్ హౌస్’ అన్నారు. వందేళ్ళు దాటినా పరాయి పేరు పోలేదు! 1728 ప్రాంతంలో క్యారొలిన్ రాణి తన కూతుళ్ళ కోసం అద్దెకి తీసుకుంది. 1781లో మూడవ జార్జి కొనేశాడు. ఎదురుగా ఉన్న రాజుగారి వైట్ హౌస్‌ని 1802లో పడగొట్టారు. ఆయన మొదలుపెట్టిన కొత్త కోట పూర్తికాకుండానే, ఆయన పోయాక 1820లలో నేలమట్టమైంది. వర్తకుడి ఇల్లు మాత్రం నిలిచింది. 1818 జూలైలో విక్టోరియా రాణి తల్లిదండ్రుల వివాహం ఇందులోనే జరిగింది. అదే సంవత్సరం నవంబరులో షార్లెట్ రాణి ఇక్కడే కన్నుమూసింది. పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2006లో, గోడలకి పాతకాలపు ఎర్ర సున్నపు పూతతో, మళ్ళీ తలుపులు తెరుచుకుంది.

మనమూ వలస వచ్చినవాళ్ళమే. సంఘాలు, గుడులు, తెలుగు బడులు కట్టుకుంటున్నాం. వాటిని చూసి ఊరివాళ్ళు మన పేరే పెట్టవచ్చు, పెట్టనివ్వండి. గోడ గట్టిగా ఉంటే ఒకనాటికి అది ఆ ఊరి సొంతమవుతుంది. ఈసారి క్యూ వెళ్ళినప్పుడు పిల్లల్ని ఆ గుమ్మం ముందు నిలబెట్టి, పైనున్న అక్షరాలు చదివించండి.