గొట్టం లేని పొయ్యి

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలియగానే పరామర్శకు వచ్చినవాళ్లు గొంతు తగ్గించి అడిగే మాట ఒకటే: “సిగరెట్లు తాగేవాడా?” ఆ ప్రశ్నకు 1950లో పునాది పడింది. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్, అమెరికాలో వైండర్, గ్రాహం పొగాకుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె బయటపెట్టారు. గొప్ప పనే. కానీ చుట్ట ముట్టకుండానే జబ్బుపడ్డవాళ్ల మీద చాలాకాలం ఎవరి దృష్టీ నిలవలేదు. 1981లో జపాన్‌కు చెందిన హిరయామా, భర్తల సిగరెట్ పొగ పీల్చిన భార్యలకూ ముప్పు ఉందన్నాడు. సిగరెట్ కంపెనీలు ఆయన లెక్కల మీద విరుచుకుపడ్డాయి. అయినా అక్కడా దోషి సిగరెట్టే.

కథ మలుపు తిరిగింది చైనాలో, యునాన్ కొండల్లోని షువాన్‌వెయ్‌లో. అక్కడి ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు దాదాపు లేరు. అయినా ఈ క్యాన్సర్‌తో చనిపోవడంలో మగవాళ్లకు వాళ్లు ఏమాత్రం తీసిపోలేదు. అక్కడి ఇళ్లలో చూసినదాన్ని 1987లో జూడీ మంఫర్డ్ బృందం బయటపెట్టింది. గదిలో నేల మీదే ఒక గుంట. అందులో పొగలు చిమ్మే బొగ్గు. గొట్టం లేదు. వంటా అక్కడే, చలి కాచుకోవడమూ అక్కడే. ఊదుగొట్టంతో తంటాలు పడుతూ కళ్లు తుడుచుకున్న అమ్మమ్మలను చూసినవాళ్లకు ఆ గది ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు. చిత్రమేమంటే, కట్టెలు కాల్చిన ఊళ్లలో జబ్బు తక్కువ. క్రమంగా ఇళ్లలో గొట్టం ఉన్న పొయ్యిలు వచ్చాయి. 21 వేలకు పైగా రైతులను ఏళ్ల తరబడి గమనించి 2002లో లెక్క తేల్చారు: ముప్పు ఆడవాళ్లలో 46 శాతం, మగవాళ్లలో 41 శాతం తగ్గింది. ఒక్క పొగగొట్టంతో!

ఇక పొగతాగనివాళ్ల జబ్బును అర్థం చేసుకునే రెండో దారి మందుబిళ్ల వైపు నుంచి తెరుచుకుంది. గెఫిటినిబ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు చాలామందికి పనిచేయలేదు. కొందరిలో మాత్రం గడ్డలు కరిగిపోయాయి. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పొగతాగనివాళ్లు, తూర్పు ఆసియావాళ్లు. 2004లో బోస్టన్, న్యూయార్క్ బృందాలు గుట్టు విప్పాయి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు వల్ల కణానికి “పెరుగు, పెరుగు” అనే ఆజ్ఞ ఆగకుండా అందుతోంది. బిళ్ల ఆ ఆజ్ఞను అడ్డుకుంటోంది. పొగరాయుళ్ల క్యాన్సర్, వీళ్ల క్యాన్సర్ పేరుకు ఒకటే, తీరు వేరు.

మరి గాలి మాటేమిటి? 2023లో లండన్‌లోని చార్లెస్ స్వాంటన్ బృందం 295 మంది ఊపిరితిత్తుల నుంచి తీసిన, క్యాన్సర్ లేని కణజాల నమూనాలను వెతికితే, 18 శాతంలో అదే ఈజీఎఫ్ఆర్ మార్పు దొరికింది. అంటే విత్తనం ముందే ఉంది. గాలిలోని సన్నని ధూళి రేపే వాపు దాన్ని మొలకెత్తిస్తోంది. నా మటుకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే కలవరపెట్టే సంగతి ఇదే.

ముందే పట్టుకోవడం ఇంకా చిక్కు. స్కానింగ్ పరీక్షలకు మనుషులను ఎంచేది పెట్టెల లెక్కతో, ఎన్నేళ్లు ఎన్ని సిగరెట్లు తాగారన్న లెక్కతో. తైవాన్ ఆ లెక్క పక్కనపెట్టింది. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండటమో, వంటింట్లో పొగ పోయే ఏర్పాటు లేకపోవడమో, అలాంటి ముప్పు ఏదైనా ఉన్న 12,011 మందికి స్కాన్ చేసింది, వాళ్లలో దాదాపు అందరూ పొగతాగనివాళ్లే. 2.6 శాతం మందిలో క్యాన్సర్ బయటపడింది, దాదాపు అన్నీ తొలిదశలోనే. వాటిలో ఎన్ని ప్రాణం మీదికి వచ్చేవి, ఎన్ని ఊరికే పడి ఉండేవి అన్న వాదన సాగుతూనే ఉంది. అక్కడ లెక్కకు గట్టిగా నిలిచింది కుటుంబ చరిత్ర. షువాన్‌వెయ్‌లో అంత మాట చెప్పిన వంటింటి పొగ, తైవాన్ లెక్కల్లో మాత్రం ఏ తేడా చూపించలేదు.