వైర్‌లెస్ సెట్టు నుంచి 112 దాకా

పోలీసు శాఖ అనగానే చాలామందికి లాఠీ, టోపీ గుర్తుకొస్తాయి. ఆ శాఖ కార్యాలయాల్లో ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా పనిచేసి, 2008లో పదవీ విరమణ చేసిన నాకు మాత్రం వైర్‌లెస్ సెట్టు గరగర గుర్తుకొస్తుంది. ఆ సెట్టు కథ మన సభ్యులకూ, వారి పిల్లలకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పోలీసు కార్లకు రేడియోలో కబురు పంపడం 1928లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మొదలైంది. కారులోని వారు వినగలిగేవారే గాని బదులు చెప్పలేకపోయేవారు. ఆపదలో తిప్పవలసిన ఒకే నెంబరు 1937లో లండన్‌లో 999గా వచ్చింది. మన దేశంలో పోలీసు వైర్‌లెస్ సమన్వయానికి 1946లో కేంద్ర డైరెక్టరేట్ ఏర్పడింది.

మా రోజుల్లో 100కు ఫోను వస్తే కంట్రోల్ రూములో ఒకరు కాగితం మీద రాసుకునేవారు. ఆ చీటీ సెట్టు ముందున్న ఆపరేటరుకు చేరేది. ఆయన "ఓవర్" అనేదాకా అవతలి వారు ఆగాలి. ఒకరు మాట్లాడుతుంటే ఆ ఛానెల్‌లో ఉన్న మిగతా వారంతా వినవలసిందే. బండి ఎక్కడుందో అందులోని వారు చెబితేనే తెలిసేది. ఎన్ని గంటలకు చేరారన్నదానికి లాగ్ బుక్కే సాక్ష్యం.

కంప్యూటర్ వచ్చి ఆ చీటీని తీసేసింది. ఫోనెత్తినవారు టైపు చేసిన వివరం బండ్లను పంపేవారి తెర మీద కనబడుతుంది. ఏ బండి దగ్గరలో ఉందో జీపీఎస్ పటంలో చూపిస్తుంది. ప్రతి మెట్టుకూ టైము యంత్రమే వేసుకుంటుంది. మన సామాన్యులకు ఈ పద్ధతి 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులతో అనుభవంలోకి వచ్చింది. 2013లో డయల్ 100 ఆ తరహాకు మారింది. 2019లో తెలంగాణలో 112 ప్రారంభమైంది.

ఇక శంషాబాద్ సంగతి. బెంగళూరు రోడ్డు మీది ఈ ఊరు 2003లో ఏర్పడిన సైబరాబాద్ కమిషనరేట్‌లో చేరింది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి తరలివచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఎయిర్‌పోర్టుకు వేరే ఠాణా వచ్చింది. ఠాణాలు పెరిగితే వాటి మధ్య హద్దులూ పెరుగుతాయి.

ఆ హద్దు ఎంత పని చేసిందో 2019 నవంబరు 27 రాత్రి తెలిసింది. తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. ఆమె కుటుంబం ఎయిర్‌పోర్టు ఠాణాకు పరుగెత్తితే, అది తమ పరిధి కాదంటూ శంషాబాద్ ఠాణాకు పంపారు. మర్నాడు ఆమె శవమే దొరికింది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు. అప్పటికి సెట్లూ, కంప్యూటర్లూ, జీపీఎస్ బండ్లూ అన్నీ ఉన్నాయి. బల్ల ముందు కూర్చున్న మనిషి ఫిర్యాదు తీసుకోకపోతే ఆ యంత్రాలకు కబురే అందదు.

2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది, సంతోషమే. కాని నా దృష్టిలో అంతకన్నా పెద్ద మార్పు 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని అది స్పష్టంగా చెబుతున్నది. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

కాబట్టి మిత్రులారా, మీ మనవలకూ, మనవరాళ్లకూ రెండు సంగతులు చెప్పి ఉంచండి. ఆపద వస్తే 112కు ఫోను చేయాలి. ఠాణాలో ఎవరైనా "మా పరిధి కాదు" అంటే, 173వ సెక్షన్ పేరెత్తి అక్కడే కాగితం ఇవ్వాలి.