ఇక్సీకి ముందు రెండు ట్యూబుల రక్తం

కాగితం మడత విప్పండి. మీ పేరుతో వచ్చిన రెండో వీర్య పరీక్ష ఇది. కళ్లు తిన్నగా అంకె మీదికే పోతాయి. మిల్లీలీటరుకు 8 లక్షల వీర్యకణాలు. పక్క గడిలో ఉండాల్సిన కనీస సంఖ్య అచ్చేసి ఉంది: 1 కోటి 60 లక్షలు. మొదటిసారి తక్కువొస్తే జ్వరం వల్లేమో అనుకున్నారు. మూడు నెలలాగి మళ్లీ ఇచ్చారు. అంకె పెరగలేదు.

హైదరాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం. పక్క కుర్చీలో మీ ఆవిడ. పెళ్లయి నాలుగేళ్లు. ఇన్నాళ్లూ స్కానింగులు, ఇంజెక్షన్లు, హార్మోన్ పరీక్షలు అన్నీ ఆమెకే. పండక్కి వెళ్తే "ఇంకా విశేషమేమీ లేదా?" అన్న ప్రశ్న కూడా ఆమెకే.

లోపలికి పిలుస్తారు. తెర వెనక మంచం. డాక్టరుగారు గ్లవ్స్ వేసుకుంటారు. సిగ్గుతో ఒళ్లు బిగుసుకుంటుంది. వృషణాల పరిమాణం చూసి, వాటి పైన వీర్యకణాలను మోసుకెళ్లే నాళం కోసం వేళ్లతో తడుముతారు. గట్టి దారంలా చేతికి తగలాలి. "రెండు వైపులా ఉందండీ," అంటారు. లేకపోతే? పుట్టుకతోనే ఆ నాళాలు లేనివాళ్లలో చాలామందికి సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో తేడా ఉంటుంది. అప్పుడు భార్య రక్తం కూడా చూస్తారు. ఇద్దరిలోనూ ఆ జన్యువు దెబ్బతిని ఉంటే, బిడ్డకు ఊపిరితిత్తులను పాడుచేసే సిస్టిక్ ఫైబ్రోసిస్ రావచ్చు.

బయట కోఆర్డినేటర్ ప్యాకేజీ కాగితం ముందు పెడుతుంది. ఇక్సీ. ఒక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి. వచ్చే నెలే మొదలుపెట్టొచ్చట. పెన్ను మీ చేతిలోనే ఉంది. సంతకం చేసేస్తారా?

"ఆగండి," అంటారు డాక్టరుగారు. "కౌంటు 50 లక్షలకన్నా తగ్గితే క్రోమోజోములు చూడాలి. మీది 10 లక్షలు కూడా లేదు. వై క్రోమోజోమును విడిగా చూడాలి."

పెన్ను పక్కన పెట్టండి. చెయ్యి చాపండి. రబ్బరు పట్టీ బిగుసుకుంటుంది. సూది చురుక్కుమంటుంది. ముందు ఆకుపచ్చ మూత ట్యూబు. ఇందులో కణాలు బతికే ఉండాలి. ల్యాబులో వాటిని మూడు రోజులు పెంచి, విభజన మధ్యలో ఆపి, క్రోమోజోములు లెక్కపెడతారు. 46 ఉండాలి. ఒక ఎక్స్ అదనంగా చేరి 47 ఉంటే అది క్లైన్‌ఫెల్టర్. సుమారు 600 మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుంది. తర్వాత ఊదా మూత ట్యూబు. ఇది డీఎన్ఏ కోసం. వై క్రోమోజోములో మూడు చోట్ల వెతుకుతారు: ఏజెడ్ఎఫ్ ఏ, బీ, సీ.

మీ ఒక్కరికేనా ఇదంతా? కాదు. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త తంగరాజ్ బృందం, వీర్యకణాలే లేని 340 మంది భారతీయ పురుషులను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించింది. 29 మందికి వైలో కొన్ని ముక్కలు లేవు.

వారాలు గడుస్తాయి. ఫోను మోగుతుంది. "రిపోర్టు వచ్చిందండీ."

మెట్లెక్కుతున్నారు. గుండె దడ చెవుల్లో వినిపిస్తోంది. కవరు చింపుతారు. మొదటి పేజీ. 46, ఎక్స్‌వై. ఊపిరి వదులుతారు. రెండో పేజీ. ఏ: ఉంది. బీ: ఉంది. సీ.

లేదు.

అరచేతులు చల్లబడతాయి. నోట మాట రాదు. "మా నాన్నకి..?"

"ఆయనకు బాగానే ఉండి ఉంటుంది. చాలామందిలో ఇది కొత్తగానే మొదలవుతుంది," అంటారు డాక్టరుగారు. ఆ చోట ఒకే రకం వరుసలు మళ్లీమళ్లీ వస్తాయి. తండ్రిలో వీర్యకణం తయారయ్యేటప్పుడు అవి ఒకదానితో ఒకటి తప్పుగా జతపడితే మధ్య ముక్క ఊడిపోతుంది. సాధారణంగా పోయేది 35 లక్షల అక్షరాల డీఎన్ఏ. ఎవరి తప్పూ కాదు.

"ఏ గానీ బీ గానీ పూర్తిగా పోయి ఉంటే, కౌంటు సున్నా వచ్చేది. వృషణం కోసి వెతికినా లాభం లేదని చెప్పేవాణ్ని. సీ పోయినవాళ్లకు దారి ఉంది. మీకు కణాలున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గొచ్చు. ఇప్పుడే ఫ్రీజ్ చేయించండి."

తర్వాతి మాట నెమ్మదిగా చెబుతారు. "అమ్మాయి పుడితే మీ వై వెళ్లదు. అబ్బాయి పుడితే ఇదే వై వెళ్తుంది. ఆరోగ్యంగానే పెరుగుతాడు. పిల్లల దగ్గరే ఇబ్బంది రావచ్చు."

ఇక్సీ. దాత వీర్యం. దత్తత. మూడూ గౌరవమైన దారులే. నిర్ణయం మీ ఇద్దరిది.

మీ ఆవిడ మీ వైపు తిరుగుతుంది. "ఏవండీ, అబ్బాయే పుడితే వాడికి చెప్దామా?"

చెప్పాలి. ముందే తెలిస్తే పద్దెనిమిది, ఇరవై ఏళ్లకే కౌంటు చూపించుకుంటాడు, కణాలుంటే దాచుకుంటాడు. వాడి భార్య ఒంటరిగా నాలుగేళ్లు మందులు మింగక్కర్లేదు.

ఫ్రీజింగ్ ఫారం మీద సంతకం పెట్టండి. ఇక్సీ సంగతి ఇంటికెళ్లి ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి. రెండు రిపోర్టుల నకళ్లు మాత్రం ఇప్పుడే అడిగి తీసుకోండి. రేపు అబ్బాయి పుడితే వాడికి మీ వైతో పాటు ఇవి కూడా ఇవ్వాలి.