హైబ్రిడ్ బండి జోరుకా, పొదుపుకా?

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కొత్త కారు కొనాలనుకునే కుటుంబాలకు ఇప్పుడు ‘హైబ్రిడ్’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇది కొత్త మాట కాదు, అక్కడి క్యామ్రీ హైబ్రిడ్ ట్యాక్సీలు వాళ్లకు బాగా తెలుసు. ఎక్కువమంది దీన్ని మైలేజీ వ్యవహారంగానే చూస్తారు. కానీ వేగం కోసమే తయారయ్యే బండ్లలోనూ ఈ పద్ధతి ఎప్పుడో వచ్చేసింది. 2012లో లె మాన్స్ 24 గంటల రేసును ఆడీ హైబ్రిడ్ కారు గెలిచింది. ఫార్ములా వన్ కార్లన్నీ 2014 నుంచి హైబ్రిడ్ ఇంజిన్లతోనే పరుగెడుతున్నాయి. మరి జోరు కోరుకునేవాళ్లకు రేపటి దారి ఇదేనా?

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూడాలి. పెట్రోలు ఇంజిన్ తిరిగే వేగం పెరిగితే గానీ పూర్తి బలం ఇవ్వదు. కరెంటు మోటారు అలా కాదు, కదిలీ కదలగానే మొత్తం లాగుడు ఇచ్చేస్తుంది. రేపల్లె నుంచి బాపట్ల వైపు 216 జాతీయ రహదారిపై వెళ్తుంటే ముందు గడ్డి ట్రాక్టరు అడ్డం వచ్చిందనుకుందాం. దాన్ని దాటేటప్పుడు మామూలు కారు గేరు తగ్గించుకుని, ఇంజిన్ పుంజుకునేదాకా ఒకటి రెండు క్షణాలు తీసుకుంటుంది. హైబ్రిడ్‌లో ఆ లోటును మోటారు పూడుస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. తెనాలి బజారులాంటి చోట్ల ఆగి ఆగి కదిలే ప్రయాణంలో పెట్రోలు మిగిలేది ఇందుకే. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే అంత లాభం కనిపించదు.

అయితే బ్యాటరీ, మోటారు ఊరికే రావు, బరువుతో వస్తాయి. దీనికి మంచి ఉదాహరణ బీఎండబ్ల్యూ ఎం5. 2024లో వచ్చిన కొత్త ఎం5 ప్లగ్-ఇన్ హైబ్రిడ్. అంటే దాని పెద్ద బ్యాటరీని ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు. వీ8 ఇంజిన్, మోటారు కలిపి 727 హెచ్‌పీ ఇస్తాయి. కానీ కారు బరువు 2,400 కిలోలు దాటింది, పాతదాని కంటే సుమారు ఐదు క్వింటాళ్లు ఎక్కువ. దాదాపు ఏడు ధాన్యం బస్తాలు డిక్కీలో వేసుకుని పరుగెత్తినట్టే. ఫలితం ఏమిటంటే సున్నా నుంచి వంద కి.మీ. వేగం అందుకోడానికి కంపెనీ లెక్క ప్రకారమే దీనికి 3.5 సెకన్లు పడుతుంది. 625 హెచ్‌పీ ఉన్న పాత ఎం5 కాంపిటీషన్‌కి 3.3 సెకన్లే. బలం వంద హెచ్‌పీ పెరిగి, పరుగు తగ్గింది! ఇలాంటి కార్లు రావడానికి పెద్ద కారణం ఐరోపాలోని పొగ నిబంధనలు. ప్లగ్-ఇన్ కారుకు అధికారిక పరీక్షలో పొగ అంకె బాగా తక్కువ వస్తుంది.

అదే ఏడాది పోర్షే 911 కరేరా జీటీఎస్‌ని ఇంకో రకంగా చేసింది. 1.9 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ, బరువు 27 కిలోలు. కారు మొత్తం బరువు పాతదాని కంటే 50 కిలోలే పెరిగింది. దీనికి ప్లగ్గు లేదు, నడుస్తూనే ఛార్జ్ అవుతుంది. బలం 480 నుంచి 541 పీఎస్‌కి పెరిగింది. వంద వేగం 3.4 నుంచి 3.0 సెకన్లకు దిగింది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకును పాతదాని కంటే 8.7 సెకన్లు ముందుగా చుట్టేసింది. రెండూ హైబ్రిడ్‌లే, తేడా అంతా బ్యాటరీ సైజులో ఉంది. జోరు కోసం హైబ్రిడ్ అయితే చిన్న బ్యాటరీదే సరైన దారి. పెద్ద బ్యాటరీ మోయాల్సే వస్తే పూర్తి ఎలక్ట్రిక్ చేయడమే నయం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులో ఆ కార్ల పరుగును మనవాళ్లు కళ్లారా చూశారు కూడా.

కోట్ల కార్ల సంగతి మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఈ చిన్న బ్యాటరీ సూత్రమే ఇన్నోవా హైక్రాస్‌లో ఉంది. దాని మామూలు పెట్రోలు రకం 172 హెచ్‌పీ, లీటరుకి 16.13 కి.మీ. హైబ్రిడ్ రకం 184 హెచ్‌పీ, లీటరుకి 23.24 కి.మీ. బలమూ ఎక్కువే, పొదుపూ ఎక్కువే. ఇవి ప్రయోగశాల అంకెలు కాబట్టి రోడ్డు మీద రెండూ తగ్గుతాయి.

ధర దగ్గరే అసలు లెక్క. నెలకు వెయ్యి కి.మీ. తిరిగితే ఈ అంకెల ప్రకారం 19 లీటర్లు మిగులుతుంది. లీటరు రూ. 110 అనుకుంటే ఏడాదికి సుమారు రూ. 25 వేలు. రెండు రకాల మధ్య ధర తేడా నాలుగు లక్షలు అనుకుందాం, అది తిరిగి రావడానికి పదహారేళ్లు పడుతుంది. నెలకు మూడు వేల కి.మీ. తిప్పే ట్రావెల్స్ బండికైతే ఐదేళ్లు చాలు. వడ్డీ అప్పు వద్దనుకుని నగదు కూడబెట్టి కొనే కుటుంబాలు ఈ లెక్క ముందే వేసుకోవాలి. పెళ్లిళ్లకీ పండక్కీ మాత్రమే బయటికి తీసే బండికి నాలుగు లక్షలు ఎక్కువ పెట్టడం దండగే. పన్ను విషయంలోనూ పెద్ద హైబ్రిడ్‌కు రాయితీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ కారుకు 5 శాతమే.

పేరు చూసి మోసపోకూడదు. మారుతి గ్రాండ్ విటారాలో రెండు రకాలు అమ్మారు. ఒకటి మైల్డ్ హైబ్రిడ్, అందులో మోటారు ఇంజిన్‌కి కాస్త సాయం చేస్తుందే తప్ప ఒంటరిగా కారును నడపలేదు. రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్, కొంత దూరం కరెంటు మీదే పోతుంది. ఎర్టిగా మీద కనిపించే ‘స్మార్ట్ హైబ్రిడ్’ మొదటి రకమే. షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇంజిన్ ఆపేసి మోటారు మీద బండి కదులుతుందా, లేదా?

మన ఊళ్ల కుర్రాళ్లకు జోరు బండి అంటే నూట యాభై సీసీ బైకే. 2025 మార్చిలో యమహా ఎఫ్‌జెడ్-ఎస్ హైబ్రిడ్ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి, చప్పుడు లేకుండా మళ్లీ అందుకుంటుంది, కదిలేటప్పుడు కొంచెం ఊతం దొరుకుతుంది. ఇంజిన్ బలం మాత్రం మామూలు ఎఫ్‌జెడ్‌కి ఉన్న 12.4 పీఎస్సే. హైబ్రిడ్ కాబట్టి రాకెట్‌లా పోతుందని కొడుకు చెబితే నమ్మనక్కర్లేదు.

సముద్రం దగ్గరున్న ఊళ్లకు ఇంకో విషయం. చాలా టయోటా హైబ్రిడ్‌లలో బ్యాటరీకి గాలి వెళ్లే జల్లెడ సీటు దగ్గరే ఉంటుంది. దానికి అడ్డంగా సంచులు, బట్టలు పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది, దుమ్ము పట్టకుండా సర్వీసులో శుభ్రం చేయించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వానల్లో కారు నీట మునిగితే స్టార్ట్ చేసి చూడొద్దు, కింద కనిపించే నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు. అవి ఎక్కువ వోల్టేజీవి. తెలిసిన మెకానిక్ అయినా సరే, హైబ్రిడ్ శిక్షణ లేకపోతే విప్పనివ్వకుండా కంపెనీ సర్వీసు సెంటర్‌కి లారీ మీద ఎక్కించి పంపాలి. టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అందులో ఎంత మిగిలిందో సర్వీసు రికార్డులో చూసుకున్నాకే బేరం మాట్లాడాలి.